ఆకాశవాణి సంకేతగీతము: ఇద్దరు కర్తలు

తెలుగు గేయవాఙ్మయ చరిత్రను వ్రాసిన పెద్దలు పదములను, కీర్తనలను, జావళీలను, యక్షగానములందలి దరువులను, స్త్రీల పాటలను వేరువేరుగా పరిశీలించి, వాని పుట్టుపూర్వోత్తరములను సవిస్తరముగ చర్చించిరి. తర్వాతి తరమువారు చలనచిత్ర గీతములను గూర్చియు సిద్ధాంతగ్రంథములు వెలయించిరి. కాని, ఇరువదవ శతాబ్దిలో తెలుగువారి యిండ్లలో దినమునకు మూడు పర్యాయములు వినవచ్చి, ప్రొద్దు తెలిపి, పనిపాటలకు హద్దు లేర్పరచిన రేడియో సంకేతగీతమునకు మాత్రము ఆ చరిత్రలో ఇంచుక చోటైనను దొరకలేదు.

దీనికి ఆంగ్లమున రెండు మూడు పేర్లు గలవు. ప్రసారకేంద్రమును గుర్తింపజేయునది సిగ్నేచర్ ట్యూన్. వర్తకుని సరకును గుర్తింపజేయునది జింగిల్. జింగిల్ అనగా మువ్వల సవ్వడియే. మేము ఈ రెంటికిని కలిపి సంకేతగీతము అను మాటను వాడుచున్నాము. మాటలు లేని వాద్యస్వరమును గీతమనుట చెల్లునా యను శంక చదువరులకు కలుగవచ్చును. ఆ శంకను ఈ వ్యాసములోనే మరల ఎత్తుకొందుము.

కాలమును తెలుపు పాట మనకు క్రొత్తది కాదు. కాకతీయుల నాటి పాల్కురికి సోమనాథుడు, ఓరుగల్లు మండలమందలి పాలకుర్తివాడు, పండితారాధ్య చరిత్రమున పర్వతప్రకరణమునందు శ్రీశైలయాత్రికులు పాడుకొను పాటలను పేర్కొనినాడు. తుమ్మెదపదములు, ప్రభాతపదములు, పర్వతపదములు, ఆనందపదములు, శంకరపదములు, నివాళిపదములు, వాలేశుపదములు, గొబ్బిపదములు, వెన్నెలపదములు మున్నగునవి ఆ పట్టికలో గలవు. ఇందు ప్రభాతపదమును, వెన్నెలపదమును వేళను బట్టి పేరు పొందినవి. ఈ పట్టిక మన గేయచరిత్రకు ప్రాణము వంటిది. అయినను దానిని చదివిన ప్రతిపర్యాయమును మనసున ఒక లోటు కదలును. పేర్లు మిగిలినవి, పాటలు మిగులలేదు. ఆ ప్రభాతపదములను కట్టినవారెవరో, ఏ రాగచ్ఛాయలో పాడిరో తెలిసికొను మార్గము లేదు. సోమనాథుని దోషము లేదు. ప్రతిదినము వినవచ్చు పాటకు కర్త నడుగు అలవాటు లోకమునకు లేదు. రేడియో సంకేతగీతమున కిట్టి గతియే పట్టుచున్నది. ఏడెనిమిది వందల యేండ్లకు కాదు, ఒక్క శతాబ్ది నిండకమునుపే.

సంకేతగీతము ఒక అలంకారముగా పుట్టలేదు. అది అవసరమువలన పుట్టినది. వాల్వుల రేడియోలో మీట నొక్కినంతనే శబ్దము రాదు. దీపములు వేడెక్కవలెను. పిమ్మట ముల్లును త్రిప్పుచు, గరగర శబ్దముల నడుమ, తనకు కావలసిన కేంద్రమును శ్రోత వెదకికొనవలెను. మీడియం వేవులో రాత్రివేళ దూరకేంద్రములును వచ్చి మీదబడును. ప్రసారము ఆరంభము కాకమునుపు కొన్ని నిమిషముల పాటు ఒకే స్వరము మరల మరల వినబడినచో, శ్రోత ఆ ముల్లును అచ్చట నిలుపగలడు. కనుక సంకేతస్వరమునకు మూడు గుణము లుండవలెను. గరగరలోనైనను పోల్చుకొన వీలుండవలెను. ఎన్నిమారులు విన్నను విసుగు పుట్టింపరాదు. ఏ భాషవానికిని పరాయిగ తోపరాదు. మూడవ గుణము భారతదేశమునందు మిక్కిలి కఠినమైనది. లండనులో బి.బి.సి. వారు బో చర్చి గంటలను విరామసంకేతముగ వాడుకొనిరి. ఇచ్చట ఏ గుడి గంటను, ఏ మసీదు పిలుపును ఎన్నుకొన్నను కొందరికి మాత్రమే అది తమది యగును.

ఓరుగల్లు శ్రోతల స్థితి మరికొంత వేరు. నిజాం రాజ్యమున 1933లో మహబూబ్ అలీ యను నాతడు సొంతముగ నొక చిన్న ప్రసారకేంద్రమును హైదరాబాదులో నెలకొల్పెను. 1935లో దానిని ప్రభుత్వము తీసికొనెను. అదియే దక్కన్ రేడియో. అందు ఉర్దూకు పెద్దపీట. తెలుగు, మరాఠీ, కన్నడములకు కొద్ది సమయమే దక్కెడిది. అది 1950 ఏప్రిల్ 1వ తేదీన ఆలిండియా రేడియోలో కలిసెను. అప్పటినుండియే, మదరాసు బెజవాడల శ్రోతలు అంతకుముందునుండి వినుచుండిన సంకేతస్వరము, హైదరాబాదు కేంద్రము ద్వారమున తెలంగాణమున నిత్యశ్రవణమయ్యెను. రాజ్యము మారిన విషయమును పల్లెలకు దినదినము చెప్పిన వానిలో ఈ స్వరమొకటి యనుట అతిశయోక్తి కాదు.

ఆ స్వరమును కట్టినవాడు తెలుగువాడు కాడు సరికదా, భారతీయుడును కాడు. వాల్టర్ కౌఫ్‌మన్ 1907లో బొహీమియా దేశమందలి కార్ల్స్‌బాడ్ పట్టణమున యూదుకుటుంబమున జన్మించెను. బెర్లినులో సంగీతరచన నభ్యసించి, ప్రాగు నగరమున సంగీతశాస్త్ర పరిశోధన చేసెను. జర్మనీలో నాజీలు అధికారమునకు వచ్చిన మరుసటి సంవత్సరము, అనగా 1934లో, ఆయన బొంబాయి చేరెను. చేరిన యేడే అచ్చట చేంబర్ మ్యూజిక్ సొసైటీ యను వాద్యగోష్ఠి నేర్పరచెను. బొంబాయి రేడియోలో పాశ్చాత్య సంగీతవిభాగమున కధిపతియై, 1946లో భారతదేశమును వీడువరకు పనిచేసెను. భారతీయ సంగీతపు గ్రామఫోను రికార్డులను మొదట విన్నప్పుడు తనకవి ఏమాత్రమును రుచింపలేదని ఆయనయే చెప్పుకొన్నాడు. కోట్ల జనులు ప్రేమించు సంగీతము తనకు నచ్చనిచో లోపము తనయందే యుండవలెనని తలంచి నేర్చుకొన పూనుకొన్నాడట. పరదేశ సంగీతమును గూర్చి వ్రాసిన పండితులు ఎందరో గలరు. ఇట్టి వినయముతో ఆరంభించినవారు తక్కువ.

ఆలిండియా రేడియో అను నామము 1936 జూనులో ఏర్పడెను. అంతకుముందేడు లయొనెల్ ఫీల్డెన్ లండనునుండి వచ్చి ప్రసారశాఖాధిపత్యము వహించియుండెను. సంకేతస్వరమును కౌఫ్‌మన్ ఈ 1936లోనే కూర్చెనని ప్రసిద్ధి. తంబురా శ్రుతి మీద వయొలిన్ నడచును. ఆ వయొలిన్ వాయించినవాడు మెహ్లీ మెహతా యని చెప్పుదురు. జగద్విఖ్యాతుడగు వాద్యబృందనాయకుడు జుబిన్ మెహతా ఆయన కుమారుడే. కర్తృత్వమును గూర్చి వివాదము లేకపోలేదు. కొందరు ఠాకూర్ బల్వంత్ సింగ్ పేరును, కొందరు ఆంగ్ల సంగీతకర్త జాన్ ఫౌల్డ్స్ పేరును చెప్పుదురు. ఫౌల్డ్స్ ఢిల్లీ రేడియోలో చేరినది 1937లో. కావున 1936 అను కాలము సరియైనచో ఆ పక్షము నిలువదు. ఇంతకన్న బలమైనది రచనలోని సాక్ష్యమని మా యభిప్రాయము. పాశ్చాత్యుడు స్వరమును కూర్చునప్పుడు దానిక్రింద హార్మనీ నల్లుట స్వభావము. ఇచ్చట ఆ ప్రలోభము లేదు. రాగము ఒంటరిగ, శ్రుతి తోడుగ నడచును. రెండు సంప్రదాయములును తెలిసి, ఒకదానిని ఉద్దేశపూర్వకముగ వెనుకకు నెట్టినవాడు చేసిన పని యిది.

రాగము శివరంజని యని సాధారణముగ చెప్పుదురు. మన మోహనమునందు షడ్జము, చతుశ్రుతి రిషభము, అంతర గాంధారము, పంచమము, చతుశ్రుతి ధైవతము గలవు. అందలి అంతర గాంధారమును తీసి సాధారణ గాంధారము నుంచినచో శివరంజని యగును. ఒక్క గాంధారము మారుటతో మోహనమందలి వెలుగు తగ్గి, ఒకవిధమగు జాలి ప్రవేశించును. ఐదుస్వరముల రాగములు మన జానపదుల గొంతులకు దూరమైనవి కావు. పల్లెటూరి శ్రోతకు ఈ స్వరము పరాయిగ తోపకపోవుటకు ఇదియొక కారణము కావచ్చును. దక్షిణోత్తరములు రెండును దీనిని తమదిగ నెంచినవి. ఇందాక చెప్పిన మూడవ గుణము ఈ విధమున సిద్ధించినది. ఎనుబది యేండ్లకు పైగ ఈ స్వరము దేశమందంతటను వినబడినదనగా, ఎన్ని గేయములకు ఇట్టి ఆయువు గలదో చదువరులే లెక్కించుకొందురు గాక.

ఫౌల్డ్స్ ప్రసక్తి వచ్చినది గనుక ఒక్కమాట. హార్మోనియము భారతీయ శ్రుతులకు విరోధియని 1938లో ఘాటైన వ్యాసము వ్రాసినవాడాయనయే. ఫీల్డెన్ ఆ మతమునే యవలంబించెను. 1940 మార్చి 1వ తేదీనుండి రేడియోలో హార్మోనియము నిషిద్ధమయ్యెను. ఆ నిషేధము మూడు దశాబ్దుల పాటు నిలిచినది. తెలుగునాటక పద్యమునకు హార్మోనియము శ్వాస వంటిది. దానిని విడిచి పద్యము పాడవలసివచ్చిన నటకుల అవస్థ యొక ప్రత్యేకవ్యాసమునకు చాలిన విషయము. ఫౌల్డ్స్ మతమును మేమంగీకరింపజాలము. కాని శ్రుతిని గూర్చిన ఆ పట్టుదలయే తంబురాను రేడియోకు ఆధారవాద్యముగ నిలిపినదని ఒప్పుకొనక తప్పదు.

కౌఫ్‌మన్ చేసిన పని సంకేతస్వరముతో ముగియలేదు. ఆయన గోండుల పాటలను స్వయముగ సేకరించి, స్వరపరచి, 1941లోను, మరల 1960లోను వ్యాసములు ప్రకటించెను. రెండవ వ్యాసమునకు విషయము బస్తరు ప్రాంతమందలి మారియా, మురియా గోండుల పాటలు. ఓరుగల్లువారికి ఇది దూరపు సంగతి కాదు. గోదావరి దాటినచో బస్తరు సీమయే. కాకతీయవంశీయుడగు అన్నమదేవుడు అచ్చట రాజ్యము స్థాపించెనని ప్రతీతి గలదు. ములుగు, ఏటూరునాగారము అడవులలోని కోయల పాటలను పరిశీలించు మన విద్యార్థులు ఆవలియొడ్డున జరిగిన ఈ కృషిని చూడకుండుట లోపమే యగును. ఆయన భారతదేశమును వీడిన పిదప కెనడాలో విన్నిపెగ్ సింఫనీ వాద్యబృందమునకు నాయకుడై, 1957లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. 1968లో ఉత్తరభారత రాగములపైనను, 1976లో దక్షిణభారత రాగములపైనను బృహద్గ్రంథములు వెలయించి, 1984లో మరణించెను. దేశములు తిరిగినవాడు తన శేషజీవితమును మన రాగముల పట్టికలు వ్రాయుటకు వినియోగించినాడు. అర్ధనిమిషపు స్వరము వెనుక ఇంతటి పాండిత్యము నిలిచియున్నది.

ఇక మొదటి శంక. సంగీతశాస్త్రకారులు పాటలోని వాక్కును మాతువనియు, స్వరమును ధాతువనియు వ్యవహరించిరి. రెంటిని తానే కూర్చువాడు వాగ్గేయకారుడు. కౌఫ్‌మన్ స్వరము కేవలము ధాతువు. కాని అది యెన్నడును ఒంటరిగ వినబడలేదు. దాని వెంటనే ప్రకటనకర్త గొంతు వినవచ్చును: ఆకాశవాణి, విజయవాడ కేంద్రము, ఆకాశవాణి, హైదరాబాదు కేంద్రము. ఆకాశవాణి యను ఈ నామము 1935లో మైసూరున ఆచార్య ఎం. వి. గోపాలస్వామి తన రేడియోకు పెట్టుకొన్నది. పిమ్మట దేశమంతటికిని వచ్చినది. ఈ నామోచ్చారణమే ఆ స్వరమునకు మాతువు. స్వరము దేశమంతట నొక్కటియే. మాట మాత్రము ఏ భాషకాభాషయే. ఇట్లు చూచినచో దానిని గీతమనుట చెల్లును.

మాతువును ధాతువును తానే కూర్చి, రేడియో చిన్నపాటకు తెలుగు రూపము నిచ్చినవాడు బాలాంత్రపు రజనీకాంతరావు. ఈయన 1920 జనవరి 29న నిడదవోలున జన్మించెను. తండ్రి వెంకటరావు, వేంకట పార్వతీశ్వర కవులను జంటలో నొకరు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున పింగళి లక్ష్మీకాంతముగారి వద్ద తెలుగు చదివి, 1941లో మదరాసు రేడియోలో చేరెను. ఆనాటి ప్రసారములు చాలవరకు సజీవప్రసారములు. టేపుయంత్రము లింకను రాలేదు. పాట వ్రాసి, బాణీ కట్టి, గాయకులకు నేర్పి, గడియారమును చూచుకొనుచు ప్రసారము చేయవలెను. ప్రసారము ముగిసినంతనే ఆ పాట గాలిలో కలిసెడిది. మరునాటికి మరియొక పాట కావలెను. ఈ నిర్బంధమునుండియే లలితగీతము పుట్టినది. మూడు నిమిషములలో పల్లవిని నాటి, రెండు చరణములతో ముగించు పొందిక, రాగమును సూచించి విడుచు మితభాషిత్వము, గడియారము విధించిన ఛందస్సు అని మేమందుము.

1947 ఆగస్టు 15న స్వాతంత్ర్యము వచ్చిన వేళ మదరాసు రేడియోనుండి టంగుటూరి సూర్యకుమారి పాడిన ‘మాదీ స్వతంత్రదేశం’ అను గీతము రజనీకాంతరావు రచనయే, బాణీయు ఆయనదే. ఆ పాటను నేటికిని పాఠశాలలలో పాడుదురు. పాడువారిలో కర్త పేరు చెప్పగలవా రెందరు? ఇచ్చటనే ఈ వ్యాసమునకు మూలమగు ప్రశ్న యున్నది. రేడియో ప్రభుత్వసంస్థ. అందలి ఉద్యోగి చేసిన పాట సంస్థ సొత్తు. కేంద్రము పేరు చెప్పబడును. కర్త పేరు తరచుగ చెప్పబడదు. ఉద్యోగి వెలుపల పనిచేయుటకు నియమములు అడ్డమువచ్చును. 1945లో బి. ఎన్. రెడ్డి దర్శకత్వమున వెలువడిన ‘స్వర్గసీమ’ చిత్రమున భానుమతి పాడిన పావురము పాట తెలుగుదేశమును ఉఱ్ఱూతలూగించినది. అది రజనీకాంతరావు కృతియని నేడందరు నెరుగుదురు. చిత్రమున మాత్రము ఆయన పేరు లేదు. సోదరుడు నళినీకాంతరావు పేర వెలువడినది. సోమనాథుని కాలమున కర్తల పేర్లు పోవుటకు ఉపేక్ష కారణము. రేడియో కాలమున నియమావళి కారణము. ఫలిత మొక్కటియే.

బెజవాడలో రేడియోకేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ఆరంభమయ్యెను. రజనీకాంతరావు పిమ్మట ఆ కేంద్రమునకు సంచాలకుడయ్యెను. ఉదయమున వచ్చు భక్తిరంజని కార్యక్రమమునకు రూపకల్పన చేసినవా రాయనయే. జామునకొక పూవు రంగుతో సూర్యుని పోల్చు సూర్యనారాయణుని మేలుకొలుపు, ఇంటి ఆడవారి గొంతులలో బ్రదికి, భక్తిరంజని ద్వారమున ఊరూర వినబడినది. సంకేతస్వరము, కేంద్రనామము, వందేమాతరము, భక్తిరంజని: ఈ క్రమమును విన్నవానికి గడియారముతో పని లేదు. ఏ పాట వచ్చునప్పుడు పొయ్యి రగుల్చవలెనో, ఏ పాట వచ్చునప్పుడు బడికి బయలుదేరవలెనో ఇల్లాండ్రకు తెలియును. సోమనాథుడు పేర్కొన్న ప్రభాతపదము చేసిన పని యిదికాక మరేమి? శ్రీశైలపు మెట్లమీద యాత్రికుడు పాడినది, ఇప్పుడు గోడమీది పెట్టెలోనుండి వినవచ్చినది. రూపము మారినది, ధర్మము మారలేదు.

రజనీకాంతరావు ఈ పరంపరను తెలియక చేసినవాడు కాడు. 1958లో ఆయన ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ను ప్రకటించెను. 1961లో దానికి సాహిత్య అకాడమి బహుమానము లభించినది. పూర్వపు పదకర్తలను కాలక్రమమున నిలిపి, పోయిన పేర్లను ఏరి తెచ్చిన గ్రంథమది. పగలు పేరులేని పాటలు కట్టి, రాత్రి పేరుపోయిన వారి చరిత్రను వ్రాసిన ఈ పండితుని స్థితి మాకు మిక్కిలి ఆశ్చర్యమును, ఇంచుక బాధను కలిగించును. కౌఫ్‌మన్ రాగగ్రంథములను, ఈ వాగ్గేయకార చరిత్రమును ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. రేడియోలో అతిహ్రస్వమగు రూపమును చేపట్టిన ఇరువురును అతిదీర్ఘమగు శాస్త్రకార్యమును చేసినవారే. ఒకరు రాగములను, ఒకరు కర్తలను లెక్కపెట్టిరి. చిన్నపాటను చులకనగ చూచువారు ఈ విషయమును గమనింపవలెను. రజనీకాంతరావు 2018 ఏప్రిల్ 22న విజయవాడలో, తొంబదియెనిమిదేండ్ల వయసున కీర్తిశేషులైరి.

ప్రకటనగీతముల సంగతి క్లుప్తముగ చెప్పినచో చాలును. 1952లో ప్రసారశాఖామాత్యుడైన బి. వి. కేస్కర్ చలనచిత్ర గీతములను రేడియోలో నియంత్రింపగా, శ్రోతలు సిలోను రేడియోవైపు మరలిరి. దానికి విరుగుడుగ 1957 అక్టోబరు 3న వివిధభారతి వచ్చినది. అందు 1967 నవంబరు 1నుండి బొంబాయి, పూనా, నాగపురములలో వాణిజ్యప్రసారములు మొదలై క్రమముగ తక్కిన కేంద్రములకు వ్యాపించినవి. పది మొదలు ముప్పది సెకనులలో సబ్బును, టీపొడిని, తలనొప్పి మాత్రను పొగడు పాటలు వెల్లువెత్తినవి. వీనిలో అధికభాగము హిందీ పాటల బాణీలకు తెలుగుమాటలు అతికించినవి. తెలుగు గతికి హిందీ పాదము సరిపడక, దీర్ఘముండవలసినచోట హ్రస్వము, ఊపిరి తీయవలసినచోట సమాసము పడిన తావులు కొల్లలు. మాకు వానియందు గౌరవము తక్కువ. అయినను యతిప్రాసలను చదువులేని శ్రోత సైతము ఎట్లు గుర్తించి ఆనందించునో తెలిసికొనుటకు ఇంతకన్న మంచి సామగ్రి లేదు. మంచి ప్రకటనగీతమున ప్రాస తప్పదు. చెడ్డవానిని జనులే మరచిరి.

1990లో ఓరుగల్లునకు స్వంత కేంద్రము వచ్చినది. అదివరకు రాజధాని భాషలో వార్తలు వినిన ఈ సీమ, తన యాసలో తన రైతుతో, తన ఒగ్గుకథకునితో మాటలాడుటకు వీలు కలిగినది. ఎఫ్.ఎం. తరంగములపై గరగర లేదు. ముల్లు త్రిప్పి వెదకు పనియు లేదు. సంకేతస్వరమునకు మొదటి ప్రయోజనము తీరినది. అయినను కార్యక్రమమునకొక చిన్నస్వరము, యువకులకొకటి, పొలముపనులకొకటి, స్త్రీలకొకటి, ప్రతి కేంద్రమునను పుట్టుచునే వచ్చినది. ఇవి స్థానిక వాద్యకారులు కట్టినవి. కొన్ని పదేండ్లు నిలుచును. కొన్ని అధికారి మారినప్పుడు మారిపోవును. మారినదానిని దాచువారుండరు.

కావున మా మనవి పరిశోధక విద్యార్థులకు. రేడియో కేంద్రములలో ప్రతిదిన ప్రసారమునకును లాగు పుస్తకమును, క్యూషీటును వ్రాయు ఆచారము గలదు. అందు పాట పేరు, నిడివి, ప్రసారసమయము దొరకును. స్వరకర్త పేరు దొరకుట అరుదు. ఆ పేరు విశ్రాంత వాద్యకారుల, ప్రకటనకర్తల జ్ఞాపకములలో మాత్రమే యున్నది. వారిలో అనేకులు ఎనుబదులు దాటినవారు. వారి వద్దకు పోయినప్పుడు ఉద్యోగచరిత్ర నడుగుటకన్న, ఆ స్వరమును పాడి వినిపింపుమని యడుగుట మేలు. పాడినదానిని వెంటనే ధ్వనిముద్రణము చేసి, శ్రుతి, రాగము, తాళము, వాయించిన వాద్యము, వాయించినవాని పేరు, ఏ సంవత్సరమునుండి ఏ సంవత్సరము వరకు ప్రసారమైనదో ఒక్క కాగితముమీద వ్రాసి, వారిచేత చదివించి, సంతకము తీసికొనవలెను.